టెక్సాస్ సిటీ వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్: 1947లో ఒక్కరు తప్ప అందరూ ఎలా పోయారు?

తెనాలి_క్లియర్‌లేక్:
హ్యూస్టన్‌లో ఉండేవాళ్లకి టెక్సాస్ సిటీ డైక్, అదే నీళ్లలోకి పొడుగ్గా వెళ్లే గట్టు, తెలిసే ఉంటుంది. చేపలకీ పీతలకీ మనవాళ్లు చాలామంది వెళ్తుంటారు. ఆ దారి మొదట్లోనే పెద్ద ఓడ లంగరు ఒకటి ఉంది. 1947లో ఇక్కడి రేవులో ఓడ పేలినప్పుడు అరమైలు ఎగిరొచ్చి పడిందట. ఆ రోజే ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ దాదాపు మొత్తం చనిపోయిందని, వాళ్లంతా వాలంటీర్లేనని విన్నాను. మన దగ్గర 101కి కొడితే సర్కారు ఫైరింజన్ వస్తుంది. రేవు, రిఫైనరీలు ఉన్న ఊరికి వాలంటీర్లేంటి? అంత ప్రమాదమని తెలిసీ అంత దగ్గరికి ఎందుకు వెళ్లారు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

సేఫ్టీ_బాబాయ్:
నేను ఈ తీరంలోనే ఒక కెమికల్ ప్లాంటులో సేఫ్టీ చూస్తాను. కొత్తగా చేరిన పిల్లలకి మొదట చెప్పేది ఈ సంగతే. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

వాలంటీర్లు ఉండడం ఇక్కడ వింతేం కాదు. 1736లోనే ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రులతో కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టుకున్నాడు. తోలు బకెట్లు కూడా ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. తర్వాత పెద్ద నగరాలు జీతాలిచ్చి పెట్టుకున్నాయి గానీ చిన్న ఊళ్లు పాత పద్ధతిలోనే ఉండిపోయాయి. ఇవాళ్టికీ అమెరికాలో ఫైర్‌ఫైటర్లలో దాదాపు మూడింట రెండొంతులు వాలంటీర్లే. అప్పటి టెక్సాస్ సిటీ జనాభా పదహారు వేలు.

ఏప్రిల్ 16, బుధవారం. పొద్దున్న ఎనిమిది ప్రాంతంలో గ్రాండ్‌క్యాంప్ అనే ఫ్రెంచ్ ఓడలో, సరుకు నింపిన అడుగు గదిలోంచి పొగ వచ్చింది. అందులో దాదాపు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఉంది, కాగితం బస్తాల్లో. యుద్ధంలో చితికిపోయిన యూరప్ పొలాలకి పంపుతున్న ఎరువు. నీళ్లు కొడితే సరుకు పాడైపోతుందని కెప్టెన్ మూతలు బిగించి లోపలికి ఆవిరి వదలమన్నాడు. మామూలు సరుకైతే గాలి అందక మంట ఆరేదే. అమ్మోనియం నైట్రేట్‌కి బయటి గాలితో పనిలేదు, ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. ఆవిరి దాన్ని ఇంకా వేడెక్కించింది.

పొగ నారింజ రంగులో లేచింది. చూడ్డానికి బాగుందని జనం రేవు గట్టుకి చేరారు, పిల్లలతో సహా. ఈ రోజు ఆ రంగు కనిపిస్తే నేను వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తిస్తాను. ఊరి వాలంటీర్లు నాలుగు ఇంజన్లతో వచ్చి డెక్ మీదికి పైపులు పెట్టారు. కొట్టిన నీళ్లు కొట్టినట్టే ఆవిరైపోయాయి. 9:12కి ఓడ పేలింది.

28 మందిలో 27 మంది పోయారు, చీఫ్ హెన్రీ బామ్‌గార్ట్‌నర్‌తో సహా. మిగిలిన ఒక్కరు ఆ రోజు ఊళ్లో లేరు. నాలుగు ఇంజన్లూ తుక్కయిపోయాయి. అంటే పక్కనున్న ప్లాంటు, ట్యాంకులు అంటుకునే వేళకి ఊరికి మంట ఆర్పే మనిషే లేడు! ఆ అర్ధరాత్రి దాటాక 1:10కి పక్కనున్న హై ఫ్లయర్ అనే ఓడ కూడా పేలింది, దాన్లోనూ అదే ఎరువు. మృతుల లెక్క 581 దాకా చెప్తారు. 63 మందిని ఎవరో గుర్తించలేకపోయారు.

మీరు ‘తెలిసీ ఎందుకు వెళ్లారు’ అన్నారు. తెలియదండీ వాళ్లకి. అసలు బాధ అదే. బస్తా మీద ఎరువు అని, అమ్మోనియం నైట్రేట్ అని ఉంది. పేలుతుందన్న హెచ్చరిక లేదు. తయారు చేయించి పంపించిన అమెరికా ప్రభుత్వాన్ని బాధితులు కోర్టుకీడ్చారు. 1953లో సుప్రీంకోర్టు 4-3తో కొట్టేసింది. చివరికి 1955లో కాంగ్రెస్ (అంటే ఇక్కడి పార్లమెంటు) ప్రత్యేకంగా చట్టం చేస్తేగానీ పరిహారం రాలేదు.

గాజువాక_గోపి:
చదువుతుంటే 2020 ఆగస్టు 4 బీరూట్ గుర్తొచ్చింది బాబాయ్ గారూ. 2,750 టన్నులు, అదే సరుకు. మంట ఆర్పమని పంపిన ఫైర్ బ్రిగేడ్ బృందం పదిమందీ పోయారు. లోపల ఏముందో వాళ్లకీ చెప్పలేదు. మన విశాఖ రేవుకీ ఇది దిగుమతి అవుతుంది కాబట్టి అప్పుడు ఇక్కడ అందరం బెంగపడ్డాం. మన దగ్గర దీనికి 2012 నుంచి విడిగా రూల్స్ ఉన్నాయి.

తెనాలి_క్లియర్‌లేక్:
ఇంత సంగతి ఉందని తెలియదు, చాలా థాంక్స్ బాబాయ్ గారూ. అమెరికాలో ఆ తర్వాతైనా మారిందా?

సేఫ్టీ_బాబాయ్:
రేవుల్లో చాలా మారింది. చిన్న ఊళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట అనలేను. టెక్సాస్‌లోనే వేకో పక్కన వెస్ట్ అని మూడు వేల లోపు జనాభా ఉన్న ఊరు. 2013 ఏప్రిల్ 17న ఎరువుల గోడౌన్ అంటుకుంటే మళ్లీ వాలంటీర్లే ముందు పరిగెత్తారు. మంట సంగతి తెలిసిన దాదాపు ఇరవై నిమిషాలకే పేలింది. 15 మంది పోతే 12 మంది మంట ఆర్పడానికి, సాయానికి వెళ్లినవాళ్లే. ఊరికోసం పైసా తీసుకోకుండా పరిగెత్తే మనిషికి ఆ గోడౌన్లో ఏముందో ముందే చెప్పడం అంత కష్టమా అని నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఇప్పుడు ఫైరింజన్లలో ఉండే గైడ్ బుక్కులో స్పష్టంగానే రాశారు: రైలు వ్యాగన్‌లోనో ట్యాంకర్‌లోనో అమ్మోనియం నైట్రేట్ మంటల్లో చిక్కుకుంటే చుట్టూ మైలు దూరం ఖాళీ చేయించాలి. అంటే 1,600 మీటర్లు. గోపీ, మీ ఏరియా ఫైర్ స్టేషన్లో తెలిసినవాళ్లుంటే ఈ ఒక్క అంకె అడిగి చూడు.