దసరా సభ బ్యాండ్: విజయనగరం నుంచి ఏ బేస్ గిటార్ తేవాలి?

వేదిక బాధ్యత, మెల్‌బోర్న్:
అందరికీ నమస్కారం. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ దసరా తర్వాతి మంగళవారం కదా, మన సభ ఆ శనివారానికే పెట్టుకున్నాం. హాలు ఖాయమైంది. తప్పెటగుళ్లు ఇక్కడి కుర్రాళ్లే ఆడతారు. జముకు (తీగ మీటుతూ కథ చెప్పే వాయిద్యం), పాట, బ్యాండ్ మాత్రం అక్కడి నుంచి వస్తాయి. సౌండ్ అద్దెకిచ్చేవాళ్లు ఈ వారంలోనే లిస్టు ఇమ్మంటున్నారు. బేస్ అన్నా, లగేజీలో ఒక్క గిటారే పడుతుందన్నారు. ఏది తెస్తున్నారో తేలిస్తే దాన్నిబట్టి మిగతావి రాసుకుంటాను.

డ్రమ్స్:
నా ఓటు నీ నల్ల గిటారు ప్రెసిషన్‌కే బావా. ఎర్రది, జాజ్ బేస్, నువ్వొక్కడివే వాయిస్తుంటే వినబుద్ధేస్తుంది. కానీ పది తప్పెట్లు, కాళ్ల గజ్జెలు మొదలయ్యాక నా కిక్‌ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్)తో నీ తీగ కలుస్తోందా లేదా నాకు తెలియట్లేదు. అది తెలియకపోతే తాళం మీద నమ్మకం పోతుంది, పరిగెడతాను.

కీబోర్డు:
అన్నా, అక్కడ ఐదు తీగల బేస్ అద్దెకు దొరుకుతుందేమో అడగండి. జముకు మావ కథ ఎత్తుకునేది ఒకటిన్నర శ్రుతిలో. నాలుగు తీగల దాంట్లో కింది తీగ 'E' స్వరం దగ్గరే ఆగిపోతుంది. ఐదో తీగ ఉంటే రెండో ఫ్రెట్‌ (మెడ మీది మెట్టు)లోనే మావ షడ్జం కింది స్థాయిలో పలుకుతుంది. కథ మొదట్లో ఆ ఒక్క స్వరం అలా నిలబడితే హాలంతా నిశ్శబ్దమైపోతుంది.

పాట:
నాకు ఈ పేర్లు తెలీవు. మొన్న గంటస్తంభం దగ్గర గదిలో ప్రాక్టీసు చేశాం కదా, నువ్వు నల్ల గిటారు పట్టుకున్నప్పుడు నేను చరణం ఎత్తుకోవడం తేలికైంది. ఎర్రదాంతో నీ వేళ్ల గీర నా నోట్లో మాటల మీద పడుతోంది తమ్ముడూ.

సంఘం పెద్దలు:
అడగొచ్చో లేదో గానీ, తప్పెటగుళ్లకీ జముకు కథకీ అసలు గిటారు ఎందుకు నాయనా?

బేస్:
అందరివీ చదివాను. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఎందుకంటే ఇది లగేజీ సంగతి ఒక్కటే కాదు.

ముందు పెద్దాయనకి. వయొలిన్ కూడా మనది కాదండీ, బయటి నుంచి వచ్చిందే. 1919లో మన ఊళ్లో సంగీత కళాశాల మొదలయ్యాక అక్కడ ద్వారం వేంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు. ఇవాళ ఆ వాయిద్యం మనది కాదని ఎవరం అనుకుంటాం? బేస్ గిటార్ ఆ స్థాయికి వచ్చిందని అనను. జముకు మాటని మింగకుండా దాని కింద నిలబడితే చాలు, దానికీ చోటు ఉందని నమ్ముతాను. అలా నిలబడే గిటారు ఏదన్నదే ఇప్పుడు తేలాలి.

నా దగ్గర ఎర్రది జాజ్ బేస్, నల్లది ప్రెసిషన్. రెండూ ఫెండర్ వాళ్ల నమూనాలే. ప్రెసిషన్ 1951లో వచ్చింది, ఇప్పుడు మనం చూసే రెండు ముక్కల పికప్ (తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం) దానికి 1957లో పెట్టారు. జాజ్ బేస్ 1960 నాటిది. రెంటికీ తీగ పొడవు ఒకటే, 34 అంగుళాలు. తేడా ముఖ్యంగా మెడలోనూ పికప్‌లలోనూ ఉంది. జాజ్ మెడ పైభాగంలో 38 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది, నా చిన్న చేతికి అచ్చంగా సరిపోతుంది. నాకు అదే ఇష్టం, దాచుకోను. వెనక పికప్ ఒక్కటే ఉంచి వాయిస్తే వచ్చే ఆ గరగర కోసమే ఆ గిటారు కొన్నాను.

కానీ ఆ వెనక పికప్ ఒక్కటే పెడితే హమ్, అంటే కరెంటు మోత, వస్తుంది. రెండు పికప్‌ల వాల్యూమ్‌లూ సమానంగా తెరిస్తే హమ్ పోతుంది, దాంతోపాటు గొంతు మధ్యలో ఉండే పస కూడా తగ్గుతుంది. మనకి పాటలో కావాల్సింది ఆ మధ్య పసే. ఆస్ట్రేలియాలోనూ కరెంటు మనలాగే 50 హెర్ట్జ్. స్టేజీ లైట్లన్నీ వెలిగాక ఆ గుయ్‌మనే మోత సరిగ్గా బేస్ పలికే చోటే కూర్చుంటుంది. ప్రెసిషన్‌లో రెండు ముక్కల పికప్ దానంతట అదే హమ్‌ని చంపుతుంది.

పాట పాడే అప్ప చెప్పిన వేళ్ల గీర నిజమే. ఎర్రదానికి చుట్టు గరుగ్గా ఉండే రౌండ్‌వౌండ్ తీగలున్నాయి. నల్లదానికి ఫ్లాట్‌వౌండ్, వేలు జారినా చప్పుడుండదు. 'నల్లది' అని రంగు పేరు చెప్పి అప్ప పట్టుకున్నది ఈ తీగల తేడానే. నేను యాంప్ పక్కన నిలబడి నా చేతినే వింటాను. ఆవిడ పాటని వింటోంది. అందుకే ఆ మాటకి ఎక్కువ బరువిస్తున్నాను.

తమ్ముడూ, నీ ఐదో తీగ మాట కొట్టిపారేయను. మావ షడ్జం ఆ తీగ మీద 34.65 హెర్ట్జ్. మామూలు హాలు స్పీకర్లు అంత కిందకి దిగవు, సబ్‌వూఫర్ ఉంటేనే వినిపిస్తుంది. లేకపోతే స్టేజీ మీద మన కాళ్లకి తెలుస్తుంది గానీ వెనక వరసలో కూర్చున్న పిల్లలకి చేరదు. నాలుగు తీగల దాంట్లో 'A' తీగ నాలుగో ఫ్రెట్ మీద అదే స్వరం పై స్థాయిలో, 69 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అది ఏ స్పీకర్‌లోనైనా నిండుగా వస్తుంది. పైగా పరాయి గిటారు మెడకి చేయి అలవాటుపడే లోపు సభ అయిపోతుంది.

మావా, మీరు ఇంకా ఏమీ అనలేదు. మీ మాట కోసమే చూస్తున్నాను.

జముకు:
నాకు టైపు చేయడం రాదు, మనవరాలు రాస్తోంది. నా జముకు తీగ బిగిస్తే పైకి పోతుంది, వదిలితే కిందకి జారుతుంది. కథలో ఏడుపు అంతా ఆ జారులోనే ఉంది. ఎర్ర గిటారు నా జారు పక్కనే తానూ పలుకుతోంది, జనానికి ఎవరిది ఏదో తెలీదు. నల్లది ఒక్క దెబ్బేసి ఊరుకుంటోంది. అదే తే నాయనా. నేను తీగ వదిలినప్పుడు నువ్వు కొత్త స్వరం వేయకు, అది చాలు.

కీబోర్డు:
మావ అన్నాక ఇంకేముంది. కథ మొదట్లో ఆ కింది స్వరం నేను ఎడమ చేత్తో సన్నగా పడతాను. సబ్ ఉంటేనే సుమా.

బేస్:
సరే, నల్ల ప్రెసిషన్ తెస్తున్నాను. టోన్ సగానికి తగ్గించి, జముకు జారే చోట ఉన్న స్వరాన్నే పట్టుకుంటాను. అన్నయ్యా, లిస్టులో ఇవి రాయండి: బేస్ యాంప్ ఒకటి, డీఐ బాక్సు (గిటారుని నేరుగా సౌండ్ మిక్సర్‌కి కలిపేది) ఒకటి, ఒక సబ్‌వూఫర్. మా యాంప్‌కీ లైట్లకీ ఒకే ప్లగ్గు లైను వద్దు. జముకుకి మాత్రం మంచి మైకు విడిగా కావాలి, డబ్బు తగ్గించాల్సి వస్తే నా యాంప్ తీసేయండి, డీఐ నుంచి మానిటర్‌లో, అంటే స్టేజీ మీద మాకు వినిపించే స్పీకర్‌లో, వింటాను. గిటారు గట్టి కేసులో వేసి, తీగలు కాస్త వదులు చేసి తెస్తాను. మన తేమకీ అక్కడి గాలికీ తేడా ఉంటుంది, మెడ వంగితే సరిచేయడానికి సభకి ముందురోజు ఒక గంట ఖాళీ గది చూపించండి.

వేదిక బాధ్యత, మెల్‌బోర్న్:
రాసుకున్నాను అన్నా. యాంప్ తీసేయాల్సిన అవసరం రాదు, జముకు మైకు లిస్టులో మొదటి వరసలోనే పెట్టాను. శుక్రవారం సాయంత్రం గది మా ఇంట్లోనే. తప్పెట కుర్రాళ్లని కూడా ఆ టైముకే రమ్మంటాను, మావ జారు ఎక్కడుంటుందో వాళ్లూ వినాలి.