భవిత కేంద్రం వదిలేసి ఎంఈడీ, పీహెచ్‌డీ వైపు పోవచ్చా?

ప్రశ్న (అనంతపురం):
స్పెషల్ బీఈడీ చేసి నాలుగేళ్లుగా భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రంలో, పని చేస్తున్నా, నాకు 29 ఏళ్లు. మూడేళ్ల లోపు వయసు పిల్లల్లో ఆటిజం మీద చదివి, రేపు టీచర్లకు పాఠం చెప్పాలని ఉంది. ఎందుకంటే మా దగ్గరికి వచ్చేసరికే పిల్లలకు ఆరేడేళ్లు, "వాళ్ల నాయనకూ మాటలు లేటే" అని ఇంట్లో ఆగిపోయి ఉంటారు. మొన్న ఒక బాబు గంటసేపు సీసా మూతలు వరుసగా పేర్చుకుంటూ కూర్చున్నాడు. "రెండేళ్లప్పుడూ ఇంతే మేడమ్, బుద్ధిమంతుడు అనుకున్నాం" అని వాళ్లమ్మ ఏడ్చేసింది. ఇంట్లోనేమో డీఎస్సీ రాయమంటున్నారు.

జవాబు (కర్నూలు):
డీఎస్సీ రాయి, చదువూ మానకమ్మా. డీఎస్సీ ఎందుకంటే, ప్రైమరీలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2021లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చదువుకైతే సికింద్రాబాద్ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ, పాత పేరు ఎన్‌ఐఎంహెచ్, అక్కడ స్పెషల్ ఎంఈడీ చేయొచ్చు. తర్వాత ఎడ్యుకేషన్‌లో నెట్ రాయి. జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, ఆడవాళ్లకు 35 ఏళ్ల దాకా అవకాశం, కాబట్టి వయసు గురించి టెన్షన్ వద్దు. ఆర్‌సీఐ (స్పెషల్ టీచర్లను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ మాత్రం గడువు దాటనివ్వకు.

జవాబు (కడప):
చెల్లీ, నేను పీహెచ్‌డీ చివర్లో ఉన్నా. వెళ్లు, కానీ ఇప్పటి నుంచే నోట్‌బుక్ పెట్టుకో, నీ టాపిక్ అక్కడే ఉంది. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం గుర్తులు ఉన్నాయా అని ఇంట్లోవాళ్లను అడిగి నింపే ఎంచాట్ ఫారంలో 20 ప్రశ్నలు ఉంటాయి కదా, అందులో ఒకటి, కావాల్సింది వేలితో చూపిస్తాడా అని. ఒక అవ్వను అడిగితే "ఓ, బాగా చూపిస్తాడు" అంది. ఎట్లా అవ్వా అంటే, నా చెయ్యి పట్టుకుని ఉట్టి దగ్గరికి లాక్కుపోయి, నా చేతినే పైకి తోస్తాడు అని చేసి చూపించింది. అది వేలితో చూపించడం కాదు, మనం గమనించాల్సిన గుర్తే అది, ఫారంలో మాత్రం "అవును" అని పడిపోయేది. మన ఊళ్లలో ఏ మాటతో అడిగితే సరైన జవాబు వస్తుందో కనిపెట్టాలి, ఆ పని రోజూ తల్లులతో మాట్లాడే నీలాంటివాళ్లే చేయగలరు.

ప్రశ్న అడిగిన నేనే:
అక్కా, ఆ బాబుకు రెండేళ్ల చెల్లెలు ఉంది. పోయిన నెల ఆ పాపకు ఫారం నింపింది నేనే, ఆ ప్రశ్నకు వాళ్లమ్మ అవునంటే అట్లే టిక్ పెట్టేశా. సోమవారం పోగానే వాళ్లను మళ్లీ పిలిపిస్తా.