రెవ్-ఎర్బ్ పనే అనడానికి ఎస్‌ఆర్9009 ఒక్కటే సాక్ష్యమా?

కణదీపిక: మా గైడ్‌గారితో వాదన నడుస్తోంది. కాలేయ కణాలకు ఎస్‌ఆర్9009 ఇచ్చాం (రెవ్-ఎర్బ్ అనే, జన్యువులను అణిచే రిసెప్టర్ ప్రోటీన్‌ను లేపే మందు), కొవ్వు తయారుచేసే జన్యువులు తగ్గాయి. కాబట్టి ఇది రెవ్-ఎర్బ్ పనేనని పేపర్లో రాసెయ్యమంటున్నారు. ఈ మందు 2012లో నేచర్ పత్రికలో వచ్చినప్పటి నుంచి అందరూ అలాగే వాడుతున్నారు కదా అని ఆయన మాట. మీరేమంటారు?

మందుపొడి: రాయకండి. 2019లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లాజర్ బృందం, రెవ్-ఎర్బ్‌లోని ఆల్ఫా, బీటా రకాలు రెండూ తీసేసిన కణాలకు ఇదే మందు ఇచ్చి చూసింది. రిసెప్టర్ లేకున్నా కణాల మనుగడ తగ్గింది, మెటబాలిజం మారింది.

రాత్రిడ్యూటీ: అంత తేలిగ్గా కొట్టిపారేస్తే ఎలా అండీ? అలా జన్యువు తీసేసిన నాకౌట్ కణాలు తయారుచేయడానికి చిన్న ల్యాబ్‌లో డబ్బూ ఉండదు, టైమూ ఉండదు. పైగా జన్యువును పూర్తిగా తీసేస్తే కణం మెల్లగా సర్దుకుపోతుంది, అసలు ప్రభావం మరుగున పడొచ్చు. మందైతే గంటల్లో పనిచేస్తుంది. రెవ్-ఎర్బ్‌కు సహజంగా అంటుకునే హీమ్‌ను (ఇనుమున్న అణువు) పెంచి చూద్దామా అంటే, దానికి కణంలో సవాలక్ష పనులు.

మందుపొడి: మందు వద్దని ఎవరన్నారు? అదొక్కటే చాలదంటున్నా. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో (ఎంచుకున్న జన్యువును అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ) రెవ్-ఎర్బ్‌ను బాగా తగ్గించి మళ్ళీ మందు ఇవ్వండి. ఫలితం ఏమాత్రం మారకపోతే అనుమానించాల్సిందే. ఎస్‌ఆర్9011తోనూ సరిచూశాం అనకండి, అది దీనికి తోబుట్టువే.

అసలు గొడవంతా మోతాదు దగ్గర. ఇలాంటి వేరే రిసెప్టర్ల మందులు చూడండి. జీడబ్ల్యూ501516 అనే మందుకు పీపార్-డెల్టా రిసెప్టర్‌ను లేపడానికి సుమారు 1 నానోమోలార్ గాఢత చాలు. వెయ్యిరెట్లు పోసి 1 మైక్రోమోలార్ చేస్తే పీపార్-ఆల్ఫా, గామా కూడా లేస్తాయి. ఇక టీ0901317 పేరుకే ఎల్‌ఎక్స్‌ఆర్ మందు, ఎఫ్‌ఎక్స్‌ఆర్, పీఎక్స్‌ఆర్ అనే వేరే రిసెప్టర్లనూ తాకుతుంది.

ఎలుకలశాల: జాతి తేడా సంగతి మరిచారు. టీబీకి వాడే రిఫాంపిసిన్ మనిషి పీఎక్స్‌ఆర్‌ను గట్టిగా యాక్టివేట్ చేస్తుంది, ఎలుక పీఎక్స్‌ఆర్ దానికి దాదాపు పలకదు. మన హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ కనిపెట్టిన మధుమేహపు మందు రాగాగ్లిటజార్ ట్రయల్స్ 2002లో ఆగిపోయింది కూడా ఎలుకల మూత్రాశయంలో కణితులు కనపడ్డందుకే. అది మనుషులకెంత వర్తిస్తుందో ఎలుకను చూసి చెప్పగలరా?

కణదీపిక: మావి మనిషి కణాలే లెండి. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ ఫ్రీజర్లో ఉంది. కానీ మేం ఒకే మోతాదు వాడాం, 10 మైక్రోమోలార్.

మందుపొడి: అయితే ముందు డోస్ కర్వ్ (మోతాదు మారేకొద్దీ ఫలితం ఎలా మారుతుందో చూపే గ్రాఫ్) గీయండి. రెవ్-ఎర్బ్ నేరుగా అణిచే బీమాల్1 జన్యువు ఏ మోతాదులో తగ్గుతోంది, మీ కొవ్వు జన్యువులు ఏ మోతాదులో తగ్గుతున్నాయి? రెండిటికీ పొంతన లేకపోతే ఆ గ్రాఫ్ తీసుకెళ్ళి మీ గైడ్‌గారి ముందు పెట్టండి.