కుండీలో పొట్టి టమాటా: పక్క కొమ్మలు గిల్లాలా, వదిలేయాలా?

మొలక: త్వరగా కాపుకొచ్చే పొట్టి రకం టమాటాను 20 లీటర్ల బకెట్‌లో పెట్టాను. అడుగున్నర ఎత్తుకే రెండు పూల గుత్తులు వచ్చాయి. ఆకు మొదట్లో పుట్టే పక్క కొమ్మలన్నీ గిల్లేయాలని చాలామంది అంటున్నారు. గిల్లేయనా?

పచ్చనాకు: గిల్లేయండి. కుండీలో మట్టి తక్కువ, అన్ని కొమ్మలకూ బలం ఎక్కడ సరిపోతుంది? నేను ఒక్క కాండమే ఉంచుతాను. కాయ పెద్దదవుతుంది, తొందరగా పండుతుంది కూడా.

బకెట్‌తోట: దయచేసి గిల్లకండి. పచ్చనాకు గారు చెప్పింది తాడు కట్టి పైకి పాకించే తీగ రకాలకు నూటికి నూరుపాళ్లు నిజం. తీగ రకం చివర ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి పక్క కొమ్మలు పోయినా కాపు ఆగదు. పొట్టి రకం అలా కాదు. కొన్ని గుత్తులు వేశాక కాండం చివరే పూల గుత్తిగా మారి ఎదుగుదల ఆగిపోతుంది. ఆ తర్వాత కాపంతా పక్క కొమ్మల మీదే. 1914లో ఫ్లోరిడాలో బయటపడిన ఈ లక్షణానికి కారణమైన జన్యువు పేరే 'సెల్ఫ్ ప్రూనింగ్'. తనను తానే కత్తిరించుకునే మొక్కను మనం మళ్లీ కత్తిరిస్తే ఇక మిగిలేదేముంది?

నేనూ మొదటిసారి శ్రద్ధగా అన్నీ గిల్లాను. మూడు గుత్తులు కాసి, నెత్తిన ఒక ఎండిన పూల కాడతో మొక్క అలాగే నిలబడిపోయింది. కొత్త చిగురు రావడానికి చోటే లేదు. రోజూ నీళ్లు పోస్తూ దాన్ని చూడటం నిజంగా బాధగా ఉండేది.

పచ్చనాకు: మరి గుబురైపోతే గాలి ఆడక తెగుళ్లు రావా? ఆకుమచ్చతో ఒక మొక్క మొత్తం పోగొట్టుకున్నాను, ఆ భయంతోనే గిల్లుతున్నాను.

బకెట్‌తోట: ఆ భయం సరైనదే. మొదటి పూల గుత్తికి కింద ఉన్న పక్క కొమ్మలు, మట్టికి తగిలే ఆకులు తీసేయండి. నీళ్లు పోసేటప్పుడు మట్టి చిమ్మి తెగులు ఎక్కేది ముందు వాటికే. గుత్తికి పైనున్నవి మాత్రం ముట్టుకోవద్దు. మీరన్నట్టు కాయ సైజు కాస్త పెరగొచ్చు, కానీ మొత్తం కాపు తగ్గుతుంది. ఇక బలం సంగతి: కుండీలో అసలు టెన్షన్ నీళ్ల దగ్గరే. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే కాయకు కాల్షియం సరిగా అందక అడుగు నల్లబడి కుళ్లుతుంది. కొమ్మలు తగ్గించడం కంటే నీళ్లు సమంగా పోయడమే మేలు.

పచ్చనాకు: కింది వాటి వరకూ ఒప్పుకుంటాను. కానీ విత్తనం ప్యాకెట్ మీద రకం సరిగా రాయకపోతే? తీగ రకాన్ని వదిలేస్తే అడవే.

బకెట్‌తోట: మొక్కనే చూడండి. తీగ రకానికి గుత్తికీ గుత్తికీ మధ్య సాధారణంగా మూడు ఆకులు ఉంటాయి. పొట్టి దానికి ఒకటో రెండో. చివరికి కాండం కొసే పూలు పూస్తుంది.

మొలక: ఇప్పుడే వెళ్లి చూశాను. రెండు గుత్తుల మధ్య ఒక్క ఆకే ఉంది, కొసన నూగుతో చిన్న మొగ్గలు. మట్టికి తగులుతున్న రెండు ఆకులు తీసేశాను, పైకొమ్మలు వదిలేశాను. బరువుకు వాలకుండా ఒక పుల్ల పాతుతున్నాను.