తెలుగులో స్పెల్లింగ్: ఇంపోజిషన్ ఉండాలా, ఆటలు చాలా?

పుత్తూరు టీచర్:
తప్పు రాసిన మాటను పదిసార్లు రాయించడం మానేసి ఆ టైంలో పదాల ఆటలు పెట్టాలని కొందరంటున్నారు. ఆటలతో గోల తప్ప ఒత్తులు రావని ఇంకొందరు. నేనడిగేది 4, 5, 6 తరగతుల తెలుగు గురించే. ఊరికే మంచిది, చెడ్డది అనకుండా క్లాసులో ఎలా చేయిస్తారో కూడా రాయండి.

పలమనేరు సార్:
ఇంపోజిషన్ ఉండాల్సిందే. చెయ్యి తిరగకుండా ‘శాస్త్రం’, ‘జ్ఞానం’ లాంటివి రావు. అంత్యాక్షరి ఆడిస్తే మాటలు నోటికొస్తాయి, నోటుబుక్కులోకి రావు. అదీ ముందు బెంచీలో నలుగురికే. మిగతా క్లాసు చప్పట్లు కొడుతూ కూర్చుంటుంది.

తిరుచానూరు టీచర్:
సార్, పదిసార్లు రాసేటప్పుడు పిల్లోడి పక్కన నిలబడి చూడండి. ముందు నిలువుగా పది ‘వి’లు, తర్వాత పది ‘ద్యా’లు, ఆఖర్న పది ‘ర్థి’లు. ‘విద్యార్థి’ అనే మాటను ఒక్కసారి కూడా రాయలేదు! పైగా మొదటి వరసలో ‘విద్యార్ధి’ అని పడితే ఆ తప్పే పదిసార్లు గట్టిపడుతుంది.

రాయించాలంటే చూసి, మూసి రాయించండి. పేజీని నిలువుగా నాలుగు మడతలు పెట్టాలి. మొదటి వరసలో ఆరు మాటలు, బోర్డు చూసి రాసినవి, టీచరు సరిచూసినవి. ఒక మాట చూడాలి, పైకి చదవాలి, ఆ వరసను వెనక్కి మడిచి రెండో వరసలో రాయాలి, తెరిచి పోల్చుకోవాలి. మూడో వరస మర్నాడు, నాలుగోది వారం తర్వాత. మూడేసార్లు రాసినా మూడుసార్లూ గుర్తు తెచ్చుకునే రాశాడు.

ఒక్కో అక్షరానికీ మడత ఎత్తి చూస్తారు, ఇందులో చెడేది అక్కడే. మాట పూర్తికాకముందే తెరిస్తే కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాలని ముందే చెప్పాలి. బాల్‌పెన్ను ఒత్తి రాసేవాళ్లకు అచ్చు కింది మడతలో కనబడుతుంది, పెన్సిల్ ఇవ్వండి.

కుప్పం మాస్టారు:
ఇద్దరూ తప్పులన్నిటినీ ఒకే గాటన కడుతున్నారు. ముందు ఏ రకం తప్పో చూడాలి. ఆటో, రాతో ఆ తర్వాత తేల్చుకోవచ్చు.

మన సరిహద్దు మండలాల్లో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలున్నారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఆ పిల్లలు ‘గది’ని ‘కది’ అని రాస్తే అది చెవికి సంబంధించిన తప్పు. పదిసార్లు కాదు, వందసార్లు రాయించినా పోదు. జంట మాటలు వినిపించాలి: కాలి–గాలి, తడి–దడి, పండి–బండి. టీచరు ఒకటి పలికితే పిల్లలు ఆ చీటీ ఎత్తాలి. రోజూ ఐదు నిమిషాలు చాలు.

‘బాష’, ‘కధ’ అని రాసేది తెలుగు ఇంటి పిల్లలు కూడా. మామూలు మాటల్లో మనమే భను బ లాగా, థను ధ లాగా పలుకుతాం కాబట్టి ఇది చెవితో తేలదు, కంటితో గుర్తుపెట్టుకోవాలి. ఇల్లు, చెట్టు, పాలు లాంటి అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరాలు (ఖ, ఘ, ధ, భ లాంటివి) దాదాపు ఉండవని చెబితే సగం బరువు దిగుతుంది. నలభై, యాభై, ఎనభై, తొంభై మాత్రం విడిగా నేర్పాలి.

ఇక శ, ష, స. వీటికి చీటీల ఆటను మించింది లేదు. నలుగురికో జట్టు, జట్టుకు 24 చీటీలు, చీటీకో మాట. చ ముందు శ వస్తుంది: ఆశ్చర్యం, పశ్చిమం. ట, ఠ, ణ ముందు ష: కష్టం, నిష్ఠ, కృష్ణ. త, థ ముందు స: పుస్తకం, అవస్థ. ఈ సూత్రం మీరు చెప్పొద్దు. శ, ష, సలకు విడివిడిగా కుప్పలు వేయించి, పక్క అక్షరం ఏముందో చూడమనండి, వాళ్లే పట్టేస్తారు. వెంటనే ఒకడు లేచి ‘బస్టాండు’ సంగతేంటి సార్ అంటాడు. మంచి ప్రశ్నే. స్టేషన్, పోస్టు, టెస్టు లాంటి ఇంగ్లిషు మాటలకు నాలుగో కుప్ప ముందే పెట్టుకోండి. న ముందు మాత్రం ఈ సూత్రం నడవదు, ‘ప్రశ్న’, ‘స్నానం’ రెండూ ఉన్నాయి.

చీటీలు బోర్లించి కుప్పకు రెండు చొప్పున ఎనిమిది మాటలు ఎవరికి వాళ్లు నోటుబుక్కులో రాస్తేనే ఆట అయినట్టు. పలమనేరు సార్ అన్న గోల, ఈ ఆఖరి మెట్టు ఎగ్గొట్టిన చోటే వస్తుంది.

పుత్తూరు టీచర్:
మరి డిక్టేషన్?

తిరుచానూరు టీచర్:
డిక్టేషన్‌తో ఏమొచ్చో ఏం రాదో తెలుస్తుంది, అంతే. కొత్తగా నేర్పేదేమీ లేదు. విడి మాటలొద్దు, వాక్యం చెప్పండి. మొదటిసారి మొత్తం చదవాలి, ఎవరూ రాయకూడదు. రెండోసారి మూడు నాలుగు మాటల ముక్కలుగా, మూడోసారి మళ్లీ మొత్తం. ‘భాష’లో భను గుండెల్లోంచి తీసి పలికితే ఆ రోజు అందరికీ పదికి పది, సొంతంగా వ్యాసం రాసిన రోజు మళ్లీ ‘బాష’. దిద్దేటప్పుడు మాటంతా కొట్టేయకుండా పక్కన గుర్తు వేయండి: దీర్ఘమైతే ‘దీ’, ఒత్తక్షరమైతే ‘ఒ’, కింది వత్తైతే ‘వ’. తప్పెక్కడుందో పిల్లలే వెతుక్కోవాలి.

తిరుపతి తెలుగు పండిట్:
అందరూ స్పెల్లింగే పట్టుకున్నారు, పదసంపద వదిలేశారు. రెండూ ఒకేసారి అవుతాయి. తిరుపతిలో ఏ పిల్లాడైనా రోజూ చూసే మాట ‘సర్వదర్శనం’. ‘దర్శనం’ బోర్డు మధ్యలో రాసి ప్ర, సం, ని తగిలించమనండి: ప్రదర్శన, సందర్శన, నిదర్శనం. తర్వాత దర్శకుడు, సందర్శకులు, మార్గదర్శి. ఒక్క ‘ర్శ’ కుదిరితే అన్నీ కుదిరినట్టే.

ఊపులో ‘విదర్శనం’ లాంటివీ పుట్టిస్తారు. అందుకని వాక్యంలో వాడితేనే పాయింటు. ‘నాకు ప్రదర్శన అంటే ఇష్టం’ కుదరదు. అక్కడ ఏ మాట పెట్టినా సరిపోతుంది కాబట్టి అర్థం తెలిసినట్టు కాదు. ఇంకోటి, పిల్లలు ‘ఎనుము’, ‘శెనక్కాయలు’ అని రాస్తే ఎర్రగీత పెట్టకండి. పక్కనే గేదె, వేరుశనగ రాయించండి. ఒక్క వస్తువుకు రెండు మాటలు వచ్చినట్టే కదా.

పలమనేరు సార్:
చీటీల ఆట ఒప్పుకుంటా. కానీ 40 నిమిషాల పీరియడ్‌లో చీటీలు పంచి, ఏరేసరికే పదిహేను పోతాయి. బోర్డు మీద హ్యాంగ్‌మ్యాన్ (ఒక్కో అక్షరం ఊహిస్తూ దాచిన మాట కనిపెట్టే ఆట) పెట్టేస్తే పోదా?

కుప్పం మాస్టారు:
అది తెలుగుకు నప్పదు సార్. ఇంగ్లిషులో 26 అక్షరాలే. మనకు ఒక్కో హల్లుకు గుణింతం, దానికి తోడు వత్తులు. ఊహించిందల్లా తప్పయి, మూడో మాటకే పిల్లలకు విసుగొస్తుంది. దానికన్నా 5×5 గళ్ల నుడికట్టు (క్రాస్‌వర్డ్) నయం, సుద్దముక్క ఉంటే చాలు. గడికి ఒక అక్షరం, వత్తుతో సహా. ‘పుస్తకం’ మూడు గళ్లు. నాలుగు గళ్లు కావాలని ఎవరన్నా అంటే వాళ్లు ‘స్’, ‘త’ విడదీశారన్నమాట. వత్తు ఎవరికి అర్థం కాలేదో అక్కడే తెలిసిపోతుంది. చీటీలంటారా, జట్టుకో పాత పెళ్లిపత్రిక కవరు ఇచ్చి 24 లెక్కపెట్టి అప్పజెప్పే పని ఒకరికి పెట్టండి.

పలమనేరు సార్:
సరే. ఒకే మాట మూడోసారి తప్పు రాసినవాడికి మాత్రం నేను ఇంపోజిషన్ ఎత్తేయను.

తిరుచానూరు టీచర్:
ఇవ్వండి సార్, కానీ ఆ మాటతో ఐదు వేర్వేరు వాక్యాలు రాయమనండి. అప్పుడు పది ‘వి’లు నిలువుగా పేర్చడం కుదరదు.