థైరాయిడ్ మాత్ర వాడుతున్నవారు నిద్ర కోసం అశ్వగంధ తీసుకోవచ్చా?

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి కొంతకాలంగా రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టడం లేదు. పడుకున్నా మనసు ఏదో ఒక దిగులు చుట్టూ తిరుగుతూనే ఉంటుందని, తెల్లవారుజామున మెలకువ వస్తే మళ్లీ కునుకు రాదని చెబుతున్నారు. అశ్వగంధ, అంటే మన పెన్నేరు గడ్డ చూర్ణాన్ని రాత్రి గోరువెచ్చని పాలతో తీసుకోమని బంధువులు సూచించారు. ఆయుర్వేదంపై మాకు గౌరవం ఉంది. అయితే అమ్మ హైపోథైరాయిడిజం (థైరాయిడ్ హార్మోన్ తక్కువగా తయారవడం) కోసం రోజూ ఆ హార్మోన్ లోటును తీర్చే లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకుంటారు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్ల స్థాయిని పెంచే అవకాశం ఉంది కాబట్టి, రెండూ కలిస్తే గుండెదడ, వణుకు మొదలై, పట్టే ఆ కాస్త నిద్ర కూడా దూరమవుతుందేమోనన్నదే నా అసలు భయం.

ఈ రెండింటినీ కలిపి వాడినవారు గానీ, అలాంటివారికి చికిత్స చేసిన ఆయుర్వేద వైద్యులు గానీ ఉంటే, మాత్ర మోతాదు మార్చవలసి వచ్చిందా, థైరాయిడ్ పనితీరును తెలిపే టీఎస్‌హెచ్ రక్త పరీక్ష మళ్లీ ఎన్ని వారాలకు చేయించారు అన్నది దయచేసి తెలియజేయండి. వేరు చూర్ణానికి సాధారణంగా చెప్పే మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు. గాఢమైన సారంతో చేసే క్యాప్సూల్స్‌కు ఆ లెక్క వర్తించదు కనుక, పెద్ద వయసువారికి ఏ రూపం మేలో కూడా చెప్పగలరు. అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి గనుక, అమ్మను చూస్తున్న డాక్టరుగారిని అడగకుండా మేము ఏదీ మొదలుపెట్టము. అశ్వగంధ తగదని మీరు భావిస్తే, నిద్ర కోసం వాడే మరో మూలిక జటామాంసి వాడి చూసినవారి అనుభవమైనా వివరంగా రాయగలరు.