సమస్య: “వ్రాయని పుట చెప్పె వంద కతలు”

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది పద్యం. పై సమస్య చివరి పాదంగా వచ్చేలా పూరించాలి. విషయం నోటుపుస్తకం. ఖాళీ పేజీ కథ ఎలా చెబుతుందో మీరే చూపించాలి.

సిరాచుక్క:
పాత పుస్తకాల పనికొచ్చు పుటలేరి
దబ్బనమున నమ్మ దారముగొని
కుట్టి యిచ్చినట్టి కొత్త బుక్కును తీయ
వ్రాయని పుట చెప్పె వంద కతలు

(పరీక్షలయ్యాక మిగిలిన తెల్ల పేజీలతో కుట్టే రఫ్ బుక్కు ఇది.)

నిర్వాహకుడు: చదువుతుంటే వేసవి సెలవులు గుర్తొచ్చాయి. ఒక్క సవరణ: ద్రుతం (ఇక్కడ “ను”లోని నకారం) మీద పరుషం (“త”) సరళం (“ద”) అవుతుంది కాబట్టి “బుక్కును దీయ” అనండి. “దబ్బనము” అన్న మాట పడటం ఎంతో బాగుంది. సూది అని ఉంటే ఇంత పండేది కాదు.

గోదారిగట్టు:
దారి మధ్య నాగె దామెర్ల పయనము
కుంచె తగల లేదు కొన్ని పుటల
గుండె బరువుతోడ గోదారి యొడ్డున
వ్రాయని పుట చెప్పె వంద కతలు

కొత్తకలం: పద్యం బాగుందండీ. కానీ దామెర్ల రామారావు గారు చిత్రకారులు కదా, “వ్రాయని” అంటే అతుకుతుందా?

నిర్వాహకుడు: చక్కగా అతుకుతుంది. పాత తెలుగులో చిత్తరువునూ వ్రాశారనే అంటారు. గీసినా, రాసినా అదే క్రియ. ఈ పూరణకు బలం అక్కడే ఉంది. అయితే ఆ ఖాళీ పుటలు మీరు చూసినవా?

గోదారిగట్టు: లేదండీ, అది నా భావన. రాజమండ్రిలో ఆయన పేరున్న గ్యాలరీకి ఎప్పుడు వెళ్లినా రంగుల చిత్రాల కంటే పెన్సిల్ గీతల దగ్గరే ఎక్కువసేపు నిలబడిపోతాను. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. వేయకుండా మిగిలిపోయిన బొమ్మలనే పుటలన్నాను.

కొత్తకలం: నాదీ చూడండి.
ఫోను ఛార్జి లేక చచ్చిపోయిన వేళ
పెన్ను చేతబట్టి బెంగ దీర
కూరుచుంటి నేను కొవ్వొత్తి వెలుగులో
వ్రాయని పుట చెప్పె వంద కతలు

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షరం) తప్పింది. “ఫో”కి “చ” చెల్లదు. “ఫోను ఛార్జి లేకపోయిన రేయిలో” అంటే ఫో–పో కుదురుతుంది, కొవ్వొత్తికి రాత్రీ దొరుకుతుంది. మూడో పాదం మాత్రం ముట్టుకోవద్దు, అలాగే ఉంచండి.

సిరాచుక్క: “దీయ” అని మార్చుకున్నాను, ధన్యవాదాలండీ. ఆ బుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పిన్నులు విప్పి తీసిన జంట పేజీలు కావడంతో రూళ్లు ఎక్కడా కలవవు. ఎర్ర మార్జిను పేజీ పక్కనే నాలుగు గీతల కాపీ పేజీ వస్తుంది. నట్టనడుమ అక్క సైన్సు రికార్డులోని తెల్ల కాగితం. అందులో బొమ్మలు వేద్దామని ఎన్నోసార్లు పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నాను, వేయలేదు. అమ్మ వేసిన కుట్టు ఆ పేజీ మడతలోనే కనిపిస్తుంది.